మౌస్ కాలు, మిషను చుక్క

ప్రణవి గురి తప్పుతోంది. మూడు వారాలుగా తప్పుతోంది.

అయిదుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆట అది. ఎదుటివాడు గోడ చాటు నుంచి బయటికొచ్చిన అరక్షణంలో మౌస్ జరగాలి, తెరమీది గుర్తు వాడి మీదికి వెళ్లి ఆగాలి. ప్రణవి చేతిలో అది వెంట్రుకవాసి ముందే ఆగిపోతోంది. అన్నిసార్లూ కాదు. ఊరికే ఆడుకునేటప్పుడు భేషుగ్గా తగులుతుంది. పోటీలోనే, అందులోనూ ఆట చివర్లోనే తప్పుతుంది.

జట్టు కెప్టెన్ ఫరూఖ్ మంచివాడు. అందుకే నలుగురిలో అనకుండా పక్కకి పిలిచి చెప్పాడు.

"ఈ ఆదివారం మ్యాచ్ గెలిస్తే విజయవాడ పోటీకి వెళ్తాం. నువ్వే ఆడు. కానీ ఈసారి కూడా తేడా వస్తే నీ ప్లేసులో వేరేవాళ్లని తీసుకోక తప్పదు ప్రణవీ. ఏమనుకోకు."

ప్రణవి ఏమీ అనుకోలేదు. మౌస్ తిరగేసి చూసింది.

మౌస్ అడుగున నాలుగు మూలలా నాలుగు తెల్లటి నున్నటి బిళ్లలుంటాయి. వాటి మీదే అది జారుతుంది. ఆడేవాళ్లు వాటిని కాళ్లంటారు. రెండేళ్ల వాడకంలో ఆ కాళ్లు అరిగిపోయాయి. దొంగ దొరికినందుకు ప్రణవికి ప్రాణం లేచొచ్చింది. కొత్త కాళ్లు తెప్పించింది. పాతవి గోటితో పీకి చెత్తబుట్టలో పారేసింది. కొత్తవి అతికించేసింది. మొత్తం కలిపి అయిదు నిమిషాల పని.

మౌస్ కుంటి బల్లలా ఊగడం మొదలుపెట్టింది.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి ఆశీర్వాదం మాస్టారి ముందు నిలబడింది.

ఏలూరులో వాళ్లు ఆడే ఆ మేడమీది హాలు ఒకప్పుడు మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్. పద్దెనిమిది మిషన్లు ఉండేవి. ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. హాల్లోకి కంప్యూటర్లొచ్చాయి, ఇప్పుడది గేమింగ్ సెంటరు. మాస్టారు మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు. ముందు గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని కీబోర్డులూ మౌసులూ బాగుచేస్తుంటారు. డెబ్భై దాటాయి. లోపల ఆడే ఆటల్లో ఒక్కదాని పేరు కూడా ఆయనకి తెలియదు. అయినా ఆడటానికొచ్చే ప్రతివాళ్లూ ఆయనకి నమస్కారం పెట్టే లోపలికెళ్తారు.

ప్రణవి సంగతి వేరు. ఆమె ఆయనకి శిష్యురాలు. కోర్టులో టైపిస్టు ఉద్యోగం కోసమని వచ్చి, ఆయన దగ్గర తెలుగు టైపు నేర్చుకుని, లోయరు పరీక్ష పాసై, పక్క హాల్లో కేరింతలు విని అటు వెళ్లిపోయిన పిల్ల. అప్పుడు కూడా మాస్టారు కోప్పడలేదు. "వేళ్లు జాగ్రత్త" అన్నారంతే.

"మాస్టారూ, ఈ కాళ్లు కాస్త సరిగ్గా వేసి పెట్టండి. ఆదివారం మ్యాచ్ ఉంది" అంది ప్రణవి. నలుగురూ పోయి తనొక్కతే మిగిలినప్పుడే గురి తప్పుతోందనీ, ఈసారి తప్పితే ఫరూఖ్ తన చోటు వేరేవాళ్లకి ఇస్తాడనీ కూడా చెప్పుకుంది.

మాస్టారు మౌస్‌ని ఒక గాజు పలక మీద పెట్టారు. ఒక్కో మూలా చూపుడువేలితో తట్టారు. టక్కుమంది. ఇంకో మూల తట్టారు. మళ్లీ టక్కుమంది.

"పాత జిగురు తియ్యకుండానే కొత్తవి వేశావు."

"తొందర్లో చూసుకోలేదండీ. ప్యాకెట్లో ఇంకో జత ఉంది."

"పాతవేవీ?"

"పాతవెందుకండీ? పారేశాను."

"ఎక్కడ?"

"లోపల, చెత్తబుట్టలో."

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన కళ్లజోడు తుడుస్తున్నారంటే ఇక మాట్లాడేది లేదని అర్థం. ఆ సంగతి లోయరు చదివిన రోజుల నుంచీ ప్రణవికి తెలుసు.

వెళ్లి చెత్తబుట్ట ముందు గొంతుక్కూర్చుంది. టీ కప్పులు, చిప్స్ కవర్లు, అరటితొక్కలు. ఆడుకుంటున్నవాళ్లలో ఒకడు హెడ్‌ఫోన్ తీసి "ఏం పోయింది అక్కా, ఉంగరమా?" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అంది. చెవులు ఎర్రబడ్డాయి. మూడు తొందరగానే దొరికాయి. నాలుగోది అట్టడుగున, ఒక బిస్కెట్ కవరుకి అంటుకుని కనిపించింది.

మాస్టారు ఆ నాలుగింటినీ దూదితో తుడిచి, ఒక తెల్ల కాగితం మీద మౌస్ అడుగున ఎలా ఉండేవో అలాగే పేర్చారు. అంచుల వంపు చూసి ఏది ఎక్కడిదో పోల్చుకున్నారు. పేర్చి, కాగితాన్ని ఆమె వైపు తిప్పారు.

మూడు కాళ్లు గోరంత మందంగా ఉన్నాయి. కాస్త గీతలు పడ్డాయంతే. ముందు ఎడంవైపుది, బొటనవేలి కింద ఉండేది మాత్రం ఒక పక్కకి అరిగి అరిగి ఉల్లిపొరలా అయిపోయింది. లోపలి జిగురు కనబడుతోంది.

"ఇదొక్కటి నాసిరకం తగిలినట్టుందండీ" అంది ప్రణవి.

"నాలుగూ ఒకేసారి వచ్చినవేనా?"

"ఆఁ. మౌస్‌తో పాటు వచ్చినవే."

"నాలుగూ ఒకే దారిలో తిరిగాయా?"

"తిరగవా మరి? ఒకే మౌస్ కదండీ." అని ఆగింది. మళ్లీ పౌరుషం తన్నుకొచ్చింది. "మౌస్‌లోనే ఏదో ఉంది మాస్టారూ. నా చెయ్యి బాగానే ఉంది. కావాలంటే ఇప్పుడే లోపల ఆడి చూపిస్తాను, ఒక్కటి కూడా తప్పదు."

"ఆడక్కర్లేదు. మిషను మీద కూర్చో."

పద్దెనిమిదిలో మిగిలిన ఒక్క తెలుగు మిషనూ మూలన ముసుగేసుకుని ఉంది. మాస్టారే ముసుగు తీశారు, కాగితం ఎక్కించారు.

"ఇప్పుడా? మ్యాచ్ ఎల్లుండే. ప్రాక్టీసు చేసుకోవాలి నేను."

"అర పేజీ."

ప్రణవి విసురుగా కూర్చుంది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, పరీక్ష రోజుల్లో చెప్పినట్టే విడివిడిగా చెప్పసాగారు.

"తమరు పంపిన ఉత్తరము అందినది. అందలి విషయములు పరిశీలించితిమి. తగు చర్య తీసుకొనబడును."

ప్రణవికి నవ్వొచ్చింది. ఈ ఉత్తరం ఎన్ని వందలసార్లు కొట్టిందో. వేళ్లకి అంతా గుర్తుంది. మిషను టకటకలాడింది. మాస్టారు అదే గొంతుతో, ఆపకుండా చెప్పుకుపోయారు.

"ఆదివారం మ్యాచ్ ఉంది. నా వాళ్లు నలుగురూ పోయారు. నేనొక్కదాన్నే మిగిలాను. ఫరూఖ్ చూస్తున్నాడు. తప్పితే నా చోటు పోతుంది."

ప్రణవి చేతులు ఆగిపోయాయి. మాస్టారు ఇటు తిరగలేదు, తొందర పెట్టలేదు. ఆమె పళ్లు బిగించి మిగతాది కొట్టింది.

మాస్టారు కాగితం లాగారు. అందులో ఏముందో చదవలేదు. రెండు చేతులా పట్టుకుని కిటికీ వెలుగుకి అడ్డంగా పెట్టారు.

పై మూడు వాక్యాల చివర మూడు నల్లటి చుక్కలున్నాయి. కింది అయిదు వాక్యాల చివర చుక్కల్లేవు. అయిదు చిల్లులున్నాయి. ఒక్కో చిల్లులోంచీ ఎండ కనబడుతోంది. చివరిది అన్నిటికంటే పెద్దది.

టైపులో చేరిన మొదటి వారంలోనే మాస్టారు అందరికీ చెప్పే మాట ఒకటుంది. చుక్క మీద వేలు పడాలి, మనిషి పడకూడదు. గట్టిగా కొడితే కాగితం తెగుతుంది, పరీక్షలో మార్కులు పోతాయి. ప్రణవి తన కాగితాల్లో ఎన్నడూ చిల్లు పడనివ్వలేదు. ఆ విషయంలో ఆమెకి కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆమె చిల్లుల వంక చూసింది. బల్ల మీది ఉల్లిపొర కాలు వంక చూసింది. తన కుడిచేతి బొటనవేలు వంక చూసుకుంది. 

"ఎలాగండీ మరి? ఎల్లుండే మ్యాచ్" అంది.

మాస్టారు దూదీ, స్పిరిట్ సీసా ఆమె ముందుకి జరిపారు.

"ముందు పాత జిగురు తియ్యి."

ఈసారి అయిదు నిమిషాల్లో అవలేదు. నిన్న అతికించినవాటిని పాత ఏటీఎం కార్డు అంచుతో, మూల నుంచి కొద్దికొద్దిగా లేపింది. గాడిలో మిగిలిన జిగురు మీద స్పిరిట్ అద్దింది. నానేదాకా ఆగింది. దూదితో రుద్దింది, మళ్లీ అద్దింది. గాడి అంచుల్లో ఇరుక్కున్న ముక్క ఒకటి ఎంతకీ రాలేదు. అగ్గిపుల్ల చెక్కి దాంతో తీసింది. తీసినప్పుడల్లా మాస్టారికి చూపించడం, ఆయన కిటికీ దగ్గర తిప్పి చూసి మాట్లాడకుండా వెనక్కివ్వడం. అలా మూడుసార్లు వెనక్కొచ్చింది. నాలుగోసారి ఆయన తల ఊపారు.

అప్పుడు రెండో జత తీసింది. ఒక్కో కాలి వెనకున్న కాగితం ఒలిచి, గాడిలో ఒక అంచు ఆనించి, మెల్లగా పడుకోబెట్టి, వేలితో అదిమింది. పైనున్న పల్చటి పొర కూడా గుర్తుపెట్టుకుని లాగేసింది. గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలా తట్టింది. ఒక్క చప్పుడు లేదు.

చెయ్యి చాచింది. మాస్టారు మౌస్ తీసి సొరుగులో పెట్టేశారు.

"రేపు మధ్యాహ్నం దాకా కదలకూడదు. జిగురు పట్టాలి."

"అంతవరకూ నేనేం చెయ్యను మాస్టారూ?"

ఆయన మిషను వైపు చూశారు. దాని పక్కన తెల్ల కాగితాల కట్ట ఉంది.

ప్రణవి కూర్చుంది. అదే అర పేజీ. తమరు పంపిన ఉత్తరము అందినది దగ్గర్నుంచి నా చోటు పోతుంది దాకా. కొట్టడం, లాగడం, కిటికీకి పెట్టి చూడటం. మొదటి కాగితంలో అయిదు చిల్లులు. రెండోదాంట్లో అయిదు. ఏడోదాంట్లో నాలుగు. లోపలి నుంచి ఫరూఖ్ వచ్చి, ఆమెని చూసి, ఏదో అడగబోయి, మాస్టారి మొహం చూసి వెళ్లిపోయాడు. పద్నాలుగో కాగితం దగ్గర వేళ్లు నొప్పెట్టాయి. ఆపలేదు. తప్పించుకోవాలని ఆమెకి అనిపించలేదు కూడా. మొదటిసారిగా శత్రువు కంటికి కనబడుతున్నాడు. వదిలిపెట్టే ప్రశ్నే లేదు.

శనివారం మళ్లీ తొమ్మిదింటికల్లా వచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికి ఒక్క చిల్లు మిగిలింది. చివరిది, నా చోటు పోతుంది అన్న దగ్గర. ఎన్నిసార్లు కొట్టినా అది పోదు.

"ఇదొక్కటి పోవట్లేదు మాస్టారూ."

మాస్టారు సొరుగు తెరిచి మౌస్ ఆమె చేతిలో పెట్టారు.

"ఎక్కడ పడుతుందో తెలుసుగా. వెళ్లి ఆడుకో."

ఆదివారం పొద్దున మాస్టారు చర్చికి వెళ్లారు. ముందు గది తలుపు మూసి ఉంది. లోపల మ్యాచ్ జరిగింది.

ఆఖరి రౌండుకి లెక్క సమానమైంది. ప్రణవి వాళ్లు నలుగురూ పోయారు. అవతల ఒక్కడు మిగిలాడు, ఇవతల ఆమె మిగిలింది.  ఫరూఖ్ ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఎదుటివాడు ఏ గోడ చాటున ఉన్నాడో తెలియదు. ఆమె కళ్లు తెరమీదే ఉన్నాయి. మౌస్ పట్టుకున్న చేతిలో బొటనవేలు బిగుసుకుంటూ మెల్లగా కిందికి అణుగుతోంది, మౌస్‌ని జారనివ్వకుండా పట్టేస్తోంది. రెండేళ్లుగా అణుగుతూనే ఉండి ఉంటుంది. అణుగుతుండగానే ఆమెకి తెలియడం ఇవాళే.

ప్రణవి బొటనవేలు వదులు చేసింది.

గోడ చాటు నుంచి వాడు బయటికొచ్చాడు.

సోమవారం మాస్టారు తలుపు తెరిచేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే లేచి నోరు తెరిచింది. ఆయన చెయ్యెత్తి ఆపారు. లోపలికెళ్లి మిషను ముసుగు తీసి, కాగితం ఎక్కించి, కుర్చీ లాగారు.

"కొట్టు."

ప్రణవి కూర్చుంది. పెదాల మీది నవ్వు ఆపుకోలేకపోతోంది. ఒకే ఒక్క వాక్యం కొట్టి, కాగితం లాగి, తనే పరుగున కిటికీ దగ్గరికి వెళ్లి పైకెత్తింది.

మాస్టారూ, గెలిచాం అని ఉంది. దాని చివర చుక్క ఉండాల్సిన చోట పెసరగింజంత చిల్లు. అందులోంచి పొద్దుటి ఎండ సూటిగా వచ్చి ఆమె బుగ్గ మీద పడింది.

ప్రణవి చెయ్యి దించింది. నవ్వు కూడా తగ్గింది. 

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు.

"ఇంకో కాగితం ఎక్కించు" అన్నారు.