తెర చివర మనిషి

కూర్మనాథం మాస్టారిని సందేహం అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. నీళ్లు ఎందుకు మరుగుతాయని అడిగినవాడి చేత ఇంటిల్లిపాదికీ టీ కాయించారు. ఇరుసు ఎందుకు వేడెక్కుతుందని అడిగినవాడి చేత పక్కింటివాళ్ల నూతి గిలక బాగు చేయించారు. ఏళ్ల తరబడి విమానాల శాస్త్రం బోధించి, ఉద్యోగం అయ్యాక పార్వతీపురంలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని కూర్చున్నా ఆయనకి ఆ గుణం పోలేదు. అందుచేత తెలివైనవాళ్లు పండగరోజుల్లో ఆయన్ని ఏమీ అడిగేవారు కాదు. విశాలాక్షి తెలివైనదే గాని, ఆ భాద్రపదంలో ఆమెకి తెలివి వాడుకునే తీరిక లేకపోయింది.

విశాలాక్షి మాస్టారి శిష్యుల్లో ఆఖరిది. ఆమె తయారుచేస్తున్నది మనిషి ఎక్కని చిన్న విమానం. రెండు చేతులూ బారచాపినదానికన్నా కాస్త పొడుగు రెక్క, నడుమ ఒక పెట్టె, పెట్టెలో పాముకాటు మందు సీసాలు. వానాకాలంలో గెడ్డ పొంగితే కొండమీది నీలంగూడకి దారి ఉండదు. కిందటేడు ఆ ఊళ్లో ఒక ఇల్లాలిని పాము కరిస్తే, డోలీ కట్టి మోసుకొచ్చి, వరద తగ్గేదాకా గెడ్డ ఒడ్డున ఆగారు. వరద తగ్గేసరికి తొందరపడాల్సిన పని లేకపోయింది. అక్కడి నర్సు సుశీల ఈ సంగతి చెప్పినప్పుడు, వచ్చే వానలకి మందు గాలిలో వస్తుందని విశాలాక్షి అక్కడికక్కడే మాటిచ్చేసింది.

విమానం కొండకి బాగానే వెళ్లేది. సుశీల మందు దించుకుని చేత్తో విసిరితే తిరిగి బాగానే బయలుదేరేది. తీరా ఊరు కనబడుతుండగా బ్యాటరీ అయిపోయి జీడితోటలో కూలబడేది. తోట కాపలావాడు దాన్ని చంకన పెట్టుకుని తెచ్చి ఇవ్వడం మామూలైపోయింది. సోమవారం అధికారులు చూడటానికి వస్తున్నారు. వాళ్ల కళ్లముందు కూడా జీడితోట పాలైతే ఆ పథకం అంతటితో సరి. నీలంగూడవాళ్లు మళ్లీ డోలీ కర్రలు వెతుక్కోవాల్సిందే.

అసలే ఆమె నిలకడ లేని మనిషి, అన్నం కలుపుతూ కూడా లెక్కలు వేసే రకం. ఆ నెలంతా విమానంలో కంటికి కనపడిందల్లా కోస్తూ పోయింది. మేకులు పీకి జిగురు పెట్టింది, రంగు గీకేసింది, తీగలు పొట్టి చేసింది. పెద్ద బ్యాటరీ పెడదామంటే బరువు. రెక్క పొడుగు చేద్దామంటే, నీలంగూడలో అది దిగే చోటు రెండు బండల నడుమ సందు, అంతకన్నా పొడుగు రెక్క అందులో పట్టదు. కోయడానికి ఇంక ఏమీ మిగలక షెడ్డులో ఇటూ అటూ తిరుగుతున్న రోజున, మాస్టారు రెక్క కొసమీద వేలు పెట్టి, "ఇక్కడ జానెడు ముక్క పైకి మడిచి పెట్టి చూడమ్మా," అన్నారు.

"ఆ సంగతి నాకు తెలుసు మాస్టారూ," అంది విశాలాక్షి, కొంచెం విసుగ్గానే.

నిజంగానే తెలుసు. ఎగిరే రెక్కకి కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింద ఇరుక్కున్న గాలి ఊరుకోదు, కొస దొరకగానే పక్కనుంచి పైకి జారుకుంటుంది. జారినచోట సుడి తిరుగుతుంది. ఆ సుడి విమానం వెనకాలే సాగుతూ దాన్ని వెనక్కి లాగుతుంది. పెద్ద విమానాల రెక్కలు చివర్లో పైకి తిరిగి ఉండేది ఆ జారుడు తగ్గించడానికే. ఇదంతా ఆమెకి కంఠస్థం. మింగుడు పడనిది వేరే ఉంది.

"ఆ ముక్క విమానాన్ని పైకి ఎత్తదు. ముందుకి తొయ్యదు. పైగా దానికీ గాలి రాసుకుంటుంది, దానికీ బరువుంటుంది. ఆ బరువుకి నేను రెండు సీసాలు దించెయ్యాలి. ఏ పనీ చెయ్యనిదాన్ని మోసుకుంటూ తిరిగితే మోత ఎలా తగ్గుతుంది మాస్టారూ?"

మాస్టారు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. "రేపు చవితి పందిట్లో సంతర్పణ. బంతి చూసుకోడానికి మనిషి కావాలి. పొద్దున్నే వచ్చెయ్యి."

విశాలాక్షికి ఒళ్లు మండిపోయింది. సోమవారం నెత్తిమీద కూర్చుంటే అన్నాలు వడ్డించమంటారా? అయినా మాస్టారి మాట కాదన్నవాళ్లు ఆ షెడ్డులో ఇంతవరకు లేరు. మర్నాడు చున్నీ నడుముకి బిగించి వెళ్లింది.

వీధి పొడుగునా షామియానా వేశారు. దాని నడుమ, వీధి వెంబడే, వెదురుగడలు పాతి గుడ్డ తెర కట్టారు. తెరకి ఇవతల బల్లలు, విస్తరాకులు, తింటున్న బంతి. అవతల తర్వాతి బంతికి కాచుకున్న జనం. మన జనం సంగతి చెప్పాలా? ఆకలైనవాళ్లు కొంత తోస్తారు, ఆకలి లేనివాళ్లు ఇంకా ఎక్కువ తోస్తారు. ముందు కొసన లోపలికి వదిలే యువజన సంఘంవాళ్లు ఉన్నారు. వెనక కొసని మూసెయ్యడానికి లేదు, వంటలు అటే. బకెట్లు పట్టుకున్నవాళ్లు ఆ సందులోంచే రావాలి. ఆ కొసన పైడయ్య అనే పెద్దాయన నిలబడి ఉన్నాడు. పాతకుండా వదిలిన చివరి వెదురుగడని, దానికి వేలాడే గుడ్డతో సహా, బంతి వైపు కొంచెం తిప్పి పట్టుకుని, తీరిగ్గా తాంబూలం నములుతున్నాడు.

విశాలాక్షి వచ్చీ రాగానే పందిరంతా ఒకసారి కలయజూసింది. తినే నోళ్లు ఎక్కువ, వడ్డించే చేతులు తక్కువ. పొద్దు వాలకముందే వినాయకుడి లారీ కదలాలి, ఈలోగా అందరి భోజనాలూ అయిపోవాలి. ఆమె కంటికి మొదట ఆనింది పైడయ్యే.

"తాతా, ఇక్కడేం చేస్తున్నావు?"

"నిల్సున్నానమ్మా. మేస్టారు నిల్సోమన్నారు."

"నిలబడితే ఆకుల్లో అన్నం పడుతుందా? ఇదిగో, ఈ పప్పు బకెట్టు పట్టు."

నిలబడి నిలబడి విసుగెత్తిన పైడయ్య సంతోషంగానే పట్టుకున్నాడు. పందిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మాస్టారు ఇది చూశారు. చూసి ఊరుకున్నారు.

ముందుగా పిల్లాణ్ణి చంకనేసుకున్న ఒకాయన తెర చివరినుంచి ఇవతలికి జారుకున్నాడు. అతని వెనకే బావమరిది. ఆ వెనక ఎవరికి ఎవరో. లోపల కుర్చీలు ఖాళీ ఉండవు కదా, వచ్చినవాళ్లు తింటున్నవాళ్ల వెనక చేరి కుర్చీ వీపులు పట్టుకున్నారు. మన బంతుల్లో అదొక హక్కు. ముందు కూర్చున్నవాడు పెరుగన్నం ఎప్పుడు కలుపుతాడా అని వాడి ఆకులోకే చూస్తూ నిలబడతారు. కుర్చీ వీపు కూడా దొరకనివాళ్లు వెనక్కి మళ్లారు. వస్తున్నవాళ్లు వాళ్లకి ఎదురుపడ్డారు. ఇంక ఆ సందులో జనం ముందుకీ పోక, వెనక్కీ పోక, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. అన్నం బేసిను మోసుకొస్తున్నతను ఆ తిరుగుడులో చిక్కి, ఎలా వచ్చాడో అలాగే వంటల దగ్గరికి తేలాడు. పైడయ్య పప్పు బకెట్టు నెత్తిమీదికెత్తి, "సామీ, దారి! దారి!" అంటూ ఉన్నచోటే ఉన్నాడు.

"తొందరగా రండి! పరిగెత్తండి!" అని విశాలాక్షి కేకలు వేసింది.

పరిగెత్తారు. పులుసు ఒకాయన తెల్లచొక్కా మీద పడింది. వాళ్లు ఎంత గట్టిగా చొరబడితే జనం అంత గట్టిగా వెనక్కి తోశారు. ఇంకో గుడ్డ తెచ్చి తెర పొడుగు చేయిద్దామనుకుంది. ఆ చివర లారీ ఆపి ఉంది, గడ పాతే చోటు లేదు. అవతల డప్పులవాళ్లు అప్పుడే డప్పులు కాచుకుంటున్నారు. విశాలాక్షికి చెమట కళ్లలోకి దిగింది. ఒక మనిషిని పెంచాక వడ్డన ఎందుకు తగ్గిందో ఆమెకి అంతుబట్టలేదు.

బంతి నడుమ ఒక ముసలావిడ ఖాళీ ఆకు ముందు కూర్చుని ఉంది. ఆకు మీద చల్లుకున్న నీళ్లు కూడా ఆరిపోయాయి.

"ఏటమ్మా, కూకోబెట్టీసి ఊరుకున్నారు? నేదంటే నేదని సెప్పీండి, లెగిసిపోతాం," అంది. కోపంగా కూడా అనలేదు.

విశాలాక్షికి తల కొట్టేసినట్టయింది. పిలిచి ఆకు ముందు కూర్చోబెట్టి, మెతుకు పెట్టకుండా లేపడమంటే అంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా? పందిట్లో అందరూ తననే చూస్తున్నారనిపించింది. జనమంతా దూరుతున్నది పైడయ్య వదిలేసిన కొసలోంచేనని అప్పుడుగాని ఆమె చూడలేదు. జనాన్ని మోచేతులతో తప్పించుకుంటూ తెర చివరికి వెళ్లింది. ఊగిపోతున్న వెదురుగడని రెండు చేతులా పట్టుకుంది. పైడయ్య పట్టుకున్నట్టే గుడ్డ కొసని బంతి వైపు తిప్పి, నేలలో కాళ్లు పాతినట్టు నిలబడింది.

తెర వెంబడి జారుతూ వచ్చినవాళ్లు చివర మలుపు తిరగబోతే మళ్లీ గుడ్డే తగిలింది. ఇద్దరు ముగ్గురు తిట్టుకుంటూ వెనక్కి మళ్లారు. ఒకడు వంగి దూరిపోయాడు కూడా, అందరినీ ఆపడం ఎవరి తరం? అవతలి జనం తోపంతా గడలోంచి ఆమె అరచేతుల్లోకి వస్తోంది. భుజాలు లాగేస్తున్నాయి. కాని సందులో తిరుగుడు నెమ్మదించింది. కుర్చీల వెనక మూక పలచబడింది. అన్నం బేసిను ఆమె పక్కనుంచే లోపలికి వెళ్లింది, దాని వెనక పప్పు, పప్పు వెనక పులుసు. ఎవరూ పరిగెత్తడం లేదు. ముసలావిడ ఆకులో అన్నం పడటం అంత దూరంనుంచీ కనిపించింది. విశాలాక్షికి ప్రాణం లేచొచ్చింది.

బంతి లేచాక మాస్టారు ఆమె దగ్గరికి వచ్చారు. "ఇంతసేపూ ఏం వడ్డించావమ్మా?"

"ఏమీ వడ్డించలేదు మాస్టారూ..." అనేసి, విశాలాక్షి చప్పున ఆయన మొహంలోకి చూసింది. మాస్టారు అప్పటికే మజ్జిగ ఎవరికి అందలేదో కనుక్కోడానికి వెళ్లిపోయారు. ఆమె పైడయ్యని పిలిచి, బకెట్టు తీసుకుని, గడ అతని చేతికిచ్చింది.

సాయంత్రం లారీ వెనక వీధంతా చిందులేస్తూ వెళ్తే, ఆమె షెడ్డుకి వెళ్లింది. రెక్క చేసిన పలకలోంచే జానెడేసి ముక్కలు రెండు కోసి, కొసలమీద పైకి నిలబెట్టి, మలుపు దగ్గర గరుకు కాగితంతో నున్నగా రుద్దింది. బరువు పెరిగింది. రెండు సీసాలు దించుదామని పెట్టె తెరిచింది. గెడ్డ ఒడ్డున ఆగిన డోలీ గుర్తొచ్చి, దించకుండానే మూసేసింది. ఆ తర్వాత ఆదివారమంతా, దించనందుకు భయపడుతూనే గడిపింది.

సోమవారం అధికారులు గొడుగుల కింద నిలబడ్డారు. "సీసాలు అందాయమ్మా, వెనక్కి వదిలేశాను," అని సుశీల కొండమీదనుంచి ఫోన్ చేసింది. అందరూ కొండ వైపే చూస్తూ నిలబడ్డారు. విశాలాక్షి మాత్రం కాళ్లు నిలవక షెడ్డుకీ తోట గట్టుకీ తిరుగుతూనే ఉంది. విమానం జీడితోట మీదికి వచ్చింది. ఎప్పుడూ కూలే చోట కొంచెం ఊగింది. కూలలేదు. తోట దాటి, గట్టు దాటి, షెడ్డు ముందు గడ్డిలో దిగింది. ఆమె పరిగెత్తుకెళ్లి బ్యాటరీ చూసింది. ఇంకా మిగిలి ఉంది. అందరి ముందూ అక్కడే చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. "ఈ వానలకి నడపండి, మిగతాది మేం చూసుకుంటాం," అని పెద్ద అధికారి జీపెక్కాడు.

కళ్లు తుడుచుకుందో లేదో, ఆమె బుర్ర మళ్లీ పరుగందుకుంది. రెక్క కొసని బొటనవేలితో కొలుస్తూ, "మాస్టారూ, జానెడు ముక్కకే ఇంత కలిసొస్తే, మూరెడు పెడితే అవతలి కొండ కూడా అందుకోవచ్చు కదా!" అంది.

మాస్టారు చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటూ అన్నారు: "అలాగే పెట్టమ్మా. వచ్చే చవితికి వడ్డించేవాళ్లందరినీ తెర చివరే నిలబెడదాం."