బల్ల చివర స్తెఫాను

మనుషులకు పేర్లు పెట్టడంలో ఈ లోకంలో నన్ను మించినవాడు లేడు. లోకం అంటే మా మఠం. మా మఠం అంటే ఒక కొండ, ఒక గంట, ముప్ఫై మందికి చాలని ఒక చలిమంట. పైగా ఆ పని నాకు అప్పగించింది నా తెలివి చూసి కాదు, నా చేతులు ఎలాగూ ఊరుకోవని.

సంగతేమిటంటే, మా దగ్గర మధ్యాహ్నం ఒక్క గంట తప్ప నోరు విప్పకూడదు. మిగతా వేళల్లో చేతులతోనే మాటలు. రెండు చేతుల వేళ్లూ కలిపి గుండ్రం చేస్తే రొట్టె. చిటికెనవేలు పెదవికి ఆనిస్తే పాలు. మనుషులకూ అంతే, తలా ఒక గుర్తు. ముగ్గురు స్తెఫానులున్నారాయె, తేడా తెలియాలి కదా! తేనెటీగల స్తెఫాను కావాలంటే వేలు గాల్లో గిర్రున తిప్పాలి. వంటింటి స్తెఫాను కావాలంటే ఉల్లిపాయ కోసినట్టు కళ్లు తుడుచుకోవాలి. గురక స్తెఫానుకైతే చెంప కింద చెయ్యి పెట్టి బుగ్గలు పూరించాలి. అన్నీ నేను పెట్టినవే. ముగ్గురూ నన్ను క్షమించారు, గురక స్తెఫాను తప్ప.

ఆ చలికాలం నాలుగో స్తెఫాను వచ్చాడు.

సైనికులు ఆయన్ని గాడిద మీద తెచ్చి, ద్వారం దగ్గర దించి, చల్లటి గాలిని తిట్టుకుంటూ వెళ్లిపోయారు. అంతకు ముందు ఏడాది ఆయన పోపు, క్రైస్తవ లోకానికంతటికీ పెద్ద గురువు. అంటే సగం పోపు. రోమ్‌లో ఒక్క కుర్చీ కోసం ఇద్దరు పోటీపడ్డారు. తమాషా ఏమిటంటే, ఇద్దరూ పోపుగా పెట్టుకున్న పేరు స్తెఫానే. ఒకరినొకరు శపించుకుంటూ ఊరూరా తాఖీదులు పంపారు. ఏ శాపం కింద చూసినా ఒకటే పేరు. చివరికి ఆ స్తెఫాను కుర్చీలో మిగిలాడు. ఈ స్తెఫాను మా బల్ల చివర మిగిలాడు.

బల్ల చివర అని ఎందుకన్నానంటే, మా దగ్గర వయసూ హోదా చూడరు, మఠంలో చేరిన వరుసలోనే కూర్చోవాలి. నిన్నటిదాకా ఆఖరివాణ్ణయిన నేను ఒక చోటు పైకి జరిగాను. పోపుగా ఉండొచ్చిన మనిషి నా తర్వాత కూర్చున్నారు. మా అమ్మ చూసుంటే ఊరంతా చెప్పుకునేది.

పొద్దుటి పూజలో మఠాధిపతి రోజూ "మన పోపు స్తెఫాను కొరకు ప్రార్థిద్దాం" అంటారు. ఆ మాట వినపడగానే ఈయన తల పైకెత్తేవారు. తన గురించి కాదని గుర్తొచ్చి, దించుకునేవారు. రోజూ అంతే.

"మన ప్రార్థన ఏ స్తెఫానుకి చేరుతోందో దేవుడికైనా తెలుసంటావా?" అన్నాను, మాట్లాడే గంటలో, తేనెటీగల స్తెఫానుతో.

"నోరు ముయ్ లూపో," అన్నాడు. కానీ నవ్వాడు.

ఇప్పుడు ఆయనకో గుర్తు కావాలి. లేకపోతే తిండికి చిక్కు. మా భోజనాల పద్ధతి అలాంటిది. జావ అందరికీ పోస్తారు. రొట్టె మాత్రం ఎవరికి వారు అడక్కూడదు. పక్కవాడి ముందు ఖాళీ చూసి మనం అడగాలి. ముందు రొట్టె గుర్తు, తర్వాత మనిషి గుర్తు. వేలు పెట్టి చూపడం మహా తప్పు. వేలితో చూపేది సంతలో పశువుల్ని.

అంటే ఆయనకు రొట్టె అడగాల్సినవాణ్ణి నేనే.

మొదటి రోజే ఉత్సాహంగా ఒకటి కనిపెట్టేశాను. రొట్టె అన్నాను. తర్వాత అరచేతిని కుర్చీలా నిలిపి, టక్కున బోర్లించాను, కుర్చీ పోయినవాడని. బల్ల పొడవునా భుజాలు కదిలాయి. శబ్దం రాకుండా నవ్వడం మావాళ్లకు అలవాటే. వడ్డించే ఫుల్కోకి మాత్రం అది చేతకాదు. బుట్టతో సహా వంటింట్లోకి పారిపోయాడు.

ఆ పెద్దాయన నా చేతివైపు చూశారు. తర్వాత, చాలా మర్యాదగా, ఆయన కూడా నవ్వారు.

ఆ నవ్వు చూశాక ఆ గుర్తు మళ్లీ వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు. ఇంకోటి తోచలేదు. గొప్పగా చూపిస్తే రోమ్‌కి తెలుస్తుందని మఠాధిపతికి భయం. తక్కువగా చూపిస్తే మళ్లీ ఆ నవ్వు. తల్లి పెట్టిన పేరేదో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

రోజులు గడిచాయి. ఆయన జావ తాగి, చేతులు ఒళ్లో పెట్టుకుని, మేమంతా తినడం అయ్యేదాకా కూర్చునేవారు. మాట్లాడే గంటలో మేం ఎండ పడే గోడ దగ్గర గుమిగూడేవాళ్లం. ఆయన నీడ గోడ దగ్గర నిలబడి కొండ కింది దారి వైపు చూసేవారు. ఆ దారిన మంచు తప్ప ఏమీ వచ్చేది కాదు. ఆయన నడుముకు కట్టుకున్న తాడు కొస మాత్రం రోజురోజుకీ ఇంకాస్త కిందికి వేలాడేది. మనిషి సన్నబడుతున్నారు.

చివరికి ఒక రోజు మాట్లాడే గంటలో రైనేరి గురువుగారి దగ్గరికి వెళ్లాను. కొత్తగా చేరినవాళ్లకు చదువు చెప్పేది ఆయనే. చెవులు సరిగ్గా వినపడవు. అందుకని ఆయన గుర్తు చెవి వెనక దొప్పలా పెట్టిన చెయ్యి. అదీ నా పనే.

"గురువుగారూ, పెద్దాయనకు గుర్తు కుదరట్లేదండీ."

"ఏంటీ?"

"గుర్తు! కుదరట్లేదు!"

"అరవకు, వినపడింది. నీకు కుదరకపోవడమేంటయ్యా? తుమ్మినా పేరు పెడతావు కదా."

"ఈయన్ని ఏం చూసి పెట్టాలో తెలీట్లేదు. ఉన్నవన్నీ పోయాయి."

"ఆయన్నే అడగకపోయావా?"

"మాట్లాడే గంటలో ఆయన దగ్గరికి ఎవరూ వెళ్లరండీ."

"వాళ్ల సంగతి నాకెందుకు? నిన్ను అడుగుతున్నాను."

గురువుగారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, జవాబు కోసం చాలాసేపు ఆగారు. తర్వాత చెయ్యి దించేసి వెళ్లిపోయారు.

మర్నాడు భోజనాల వేళ గురువుగారు తన చోటు వదిలి వచ్చి, నాకూ పెద్దాయనకూ మధ్య కూర్చున్నారు. ఫుల్కో బుట్టతో రాగానే వేళ్లు కలిపారు. రొట్టె. ఎవరికి? చెవి వెనక చెయ్యి పెట్టారు.

భోజనశాల బిగుసుకుపోయింది. ఎవరికి వారు అడక్కూడదని మాకు నేర్పిన మనిషి తనకు తానే అడుగుతున్నారు! ఫుల్కో తడబడి ఆయన ముందే రొట్టె పెట్టాడు. గురువుగారు దాన్ని తీసి మళ్లీ బుట్టలో వేశారు. పెద్దాయన వైపు తిరిగి, ఆయన ముఖంలోకి చూస్తూ, మెల్లగా, మళ్లీ అదే గుర్తు.

ఈసారి ఫుల్కోకి అర్థమైంది. రొట్టె పెద్దాయన ముందుకి వచ్చింది. ఆయన వెంటనే తినలేదు. చేతులు కాచుకుంటున్నట్టు రెండు చేతులతో దాన్ని పట్టుకున్నారు.

అలా గురువుగారి గుర్తు పెద్దాయనదైపోయింది. గురువుగారికి ఇక గుర్తు లేదు. ఆయనకు రొట్టె అడగాల్సింది పక్కనున్న నేను. చేతులెత్తాను. రొట్టె అన్నాను. ఆ తర్వాత నా వేళ్లు గాల్లో ఆగిపోయాయి. పాతది ఇచ్చేశారు. కొత్తదేమిటి? ఫుల్కో కాసేపు చూసి ముందుకు వెళ్లిపోయాడు. గురువుగారు జావ తాగి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

మర్నాడూ అంతే. పక్కపక్కన ఇద్దరు ముసలివాళ్లు, ఒకరి ముందు రొట్టె, ఒకరి ముందు ఖాళీ.

ఆ మరుసటి రోజు పెద్దాయన చేతులు ఒళ్లోంచి పైకి లేచాయి. అలవాటు లేని చేతులు కదా, రొట్టె గుర్తు బండి చక్రమంత వచ్చింది. ఫుల్కో ఆగాడు. ఎవరికి?

పెద్దాయన గురువుగారి వైపు తిరిగారు. రెండు చేతులూ ఎత్తి, కనపడని కిరీటాన్ని ఒకదాన్ని, పొడుగ్గా మూడంతస్తులున్నదాన్ని, గురువుగారి బట్టతల మీద జాగ్రత్తగా పెట్టారు. వంకరగా ఉందనిపించినట్టుంది, కొంచెం సర్దారు కూడా.

పోపు కిరీటం.

మఠాధిపతి చెంచా జావలో పడింది. గురక స్తెఫాను ముక్కుతో నవ్వేశాడు. ఫుల్కో నడుం వంచి, రోమ్‌లో వడ్డిస్తున్నంత గంభీరంగా రొట్టె పెట్టాడు. గురువుగారు మెడ కదపకుండా తిన్నారు, కదిపితే పడిపోతుందేమో అన్నట్టు. పెద్దాయన నవ్వారు. ఈసారి మర్యాద కోసం కాదు.

మాట్లాడే గంటలో గురువుగారిని పట్టుకున్నాను.

"మీ గుర్తు ఇచ్చేశారే, ఆయన మీకేమీ ఇవ్వకపోయుంటే?"

"ఏంటీ?"

"ఆయన ఏమీ ఇవ్వకపోయుంటే!"

"ఆకలేసేది," అన్నారు.

అని, ఎండ గోడ దాటుకుని నీడ గోడ దగ్గరికి వెళ్లి, పెద్దాయన పక్కన నిలబడ్డారు. ఇద్దరూ ఖాళీ దారి వైపు చూస్తూ ఉన్నారు.

ఇక ఒక సిగ్గుమాలిన సంగతుంది, చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. ఆ రెండు రోజులూ, అంతకు ముందు పెద్దాయన ఒట్టి జావ తాగిన రోజులన్నీ, నా ముందు రొట్టె ఉంది. దాన్ని విరిచి పక్కవాడికి ఇవ్వకూడదని మా నియమాల్లో ఎక్కడా లేదు. నేను మాత్రం, ఏ గుర్తు వెయ్యాలా అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ, ప్రతిసారీ మొత్తం తినేశాను.