పైడయ్య దారం

సాలూరు సంతకు కొండ ఊళ్ల నుంచి సరుకు తోలే దాలినాయుడు అనే పికప్ బండి డ్రైవరు ఒకడుండేవాడు. ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాడే గానీ, కాలు జారి పడినా తప్పు నేలదే అనేవాడు.

తలుపుకు గొళ్లెం పెట్టడం తను మరిచిపోయి, మేక ఇంట్లో దూరి బియ్యం తింటే మేకను తిట్టేవాడు. మేక దొరక్కపోతే, దాన్ని పెంచినందుకు పక్కింటివాళ్లను తిట్టేవాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుండేది అతని వ్యవహారం.

ఆ పికప్ బండిని అతను పాతదిగా కొన్నాడు. రంగు వెలిసినా ఇంజను గట్టిది. కొన్న వారంలోనే పైడయ్య దుకాణంలో ముందు చక్రాలకు రెండు కొత్త టైర్లు వేయించాడు. పైడయ్య ముప్పై ఏళ్లుగా సంత మొదట్లో టైర్ల దుకాణం నడుపుతున్న ముసలాయన. మాట తక్కువ మనిషి. ఏ టైరునైనా కళ్లతో చూసేకంటే ముందు అరచేత్తో తడిమేవాడు.

వారం వారం కొండ ఆడవాళ్లు అల్లం, పసుపు, చింతపండు బుట్టలతో దాలినాయుడి బండి వెనక ఎక్కి సంతకు వచ్చేవాళ్లు. ఆ దారిలో వాళ్లకు వేరే బండి లేదు. వాళ్లలో చిలకమ్మ ఒకతె. భర్త పోయాక అల్లం బుట్ట నెత్తిన మోసుకుంటూ ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. ఆమెది మొదటి ఊరు కాబట్టి అందరికన్నా ముందు ఎక్కి, ఎడమ పక్క మూలన ఒదిగి కూర్చునేది.

శ్రావణమాసంలో ఒక రోజు దాలినాయుడు ఖాళీ బండితో వస్తున్నాడు. వాన పడుతోంది. ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. కల్వర్టు దగ్గర ఎడమ ముందు చక్రం రాయిని గుద్దుకుని కాలువలో దిగిపోయింది. అటుగా పోతున్న ట్రాక్టరు వాళ్లు తాడు కట్టి లాగి పెట్టారు. బండి స్టార్టయింది, నడిచింది. దాలినాయుడు చుట్టూ చూశాడు. తెలిసిన మొహం ఒక్కటీ కనిపించలేదు. 'ఏమీ కాలేదులే' అనుకున్నాడు. ఆ సంగతి ఇంట్లో భార్యకు కూడా చెప్పలేదు.

దసరా దాటేసరికి ఎడమ ముందు టైరు లోపలి అంచు అరిగి నున్నగా తయారైంది. దాలినాయుడు బండిని తిన్నగా పైడయ్య దుకాణం ముందుకు తెచ్చి ఆపాడు.

"ఏటి పైడయ్యా, నాసిరకం టైరు అంటగట్టీసినావు నాకు!" అని సంత జనమంతా వినేలా అరిచాడు.

పైడయ్య కోప్పడలేదు. వంగి టైరు మీద అరచేయి పెట్టి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి రాశాడు. ఒక దిక్కుకు రాస్తే చేయి జారిపోయింది. రెండో దిక్కుకు రాస్తే రంపం పళ్లలా గీరుకుంది. తరువాత లేచి వెళ్లి కుడి టైరును కూడా అలాగే తడిమాడు.

"రెండూ ఒక్కరోజే ఎక్కించినాం నాయుడా. కుడిది కొత్తదానిలాగే ఉంది. ఎడందానికి ఒక్క లోపలంచే తినీసింది. టైరు పాడుదైతే ఇలాగ తినదు. సక్రం తిన్నగా దొర్లడం నేదు, ఈడ్సుకుంటూ పోతంది. ఉండు, సక్రం వంకరుందేమో దారం పట్టి సూద్దాం" అని దారపు ఉండ తీశాడు. తల ఎత్తకుండానే, "బండి ఎక్కడైనా తగిలిందా?" అని అడిగాడు.

దాలినాయుడికి కల్వర్టు రాయి కళ్ల ముందు మెదిలింది. చుట్టూ పదిమంది డ్రైవర్లు మూగి చూస్తున్నారు. ఫోనులో మాట్లాడుతూ బండిని కాలువలో దించానని వాళ్ల ముందు చెప్పడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు.

"నా బండికి దెబ్బేటి? నీ సరుకు మంచిదైతే ఈ దారాలెందుకు?" అన్నాడు.

పైడయ్య దారపు ఉండను జేబులో పెట్టుకున్నాడు. "నీ ఇట్టం. దెబ్బ తగిలిందో నేదో సక్రానికి తెలుసు, తోలినోడికి తెలుసు. నాకెలా తెలుస్తాది?" అన్నాడు. దాలినాయుడు అరిగిన టైరును ఊడదీసి అక్కడే పడేసి, స్పేర్ టైరు బిగించుకుని పోయాడు. పైడయ్య దాన్ని పారేయలేదు. దుకాణం గోడకు ఆనించి ఉంచాడు.

దాలినాయుడు ఊరుకోలేదు. టీ బడ్డీ దగ్గర, డీజిలు బంకు దగ్గర, ఎక్కడ నలుగురు కలిస్తే అక్కడ, పైడయ్య టైర్లు మోసమని చెప్పాడు. విన్నవాళ్లు నమ్మారు. ముప్పై ఏళ్లుగా ఎప్పుడూ ఖాళీ లేని ఆ దుకాణం ముందు బల్ల ఖాళీ అయిపోయింది. ముసలాయన ఒక్కడే దాని మీద కూర్చుని రోడ్డు కేసి చూస్తూ ఉండేవాడు. అటు పోతున్నప్పుడల్లా దాలినాయుడు మొహం తిప్పుకునేవాడు.

విజయనగరం వెళ్లి ఇంకో టైరు వేయించాడు. మూడు నెలలు తిరక్కుండానే అది కూడా అదే అంచున అరిగింది. ఈసారి బండి అమ్మినవాణ్ని తిట్టాడు. తరువాత రోడ్డు వేసినవాళ్లను తిట్టాడు. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు. అప్పుడు బండి వెనక కూర్చున్న ఆడవాళ్లు కనిపించారు.

"మీరందరూ ఎడం పక్కకే ఒరిగిపోతే టైరు అరగదా మరి? ముందు నువ్వు లెగు సిలకమ్మా! ఇక మీదట కుడి పక్కనే కూకో" అని గదమాయించాడు.

కుడి పక్క చింతపండు బస్తాలున్నాయి. కూర్చోవడానికి చోటు లేదు. చిలకమ్మ లేచింది. "అలాగే బాబూ" అని బస్తాల మీదికెక్కి, బండి అంచు పట్టుకుని కూర్చుంది. దాలినాయుడికి సమస్య తీరిపోయినట్టే అనిపించింది. ఆ పూట ఈల వేసుకుంటూ బండి నడిపాడు.

మూడో వారం పొద్దున్నే, కొండ దిగే మలుపులో ఆ ఎడమ టైరు ఢామ్మని పేలింది. స్టీరింగు చేతిలోంచి లాక్కుపోయినట్టయింది. బండి ఎడమకు లాగి, గట్టుకు గుద్దుకుని ఆగింది. ఎడమ పక్క కూర్చున్నవాళ్లకు గీతలు పడ్డాయంతే. కుడి అంచున ఉన్న చిలకమ్మ మాత్రం ఎగిరి రోడ్డు మీద పడింది. ఆమె వెనకే బస్తా జారి మోకాలి మీద పడింది.

దాలినాయుడు ఆమెను చేతుల మీద ఎత్తుకుని, దారిన పోయే జీపు ఆపి ఆసుపత్రికి చేర్చాడు. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, కాలు నిలిచింది గానీ మోకాలు ఇక వంగదని చెప్పాడు. అంటే ఇక కొండ ఎక్కడం ఉండదు. నెత్తిన బుట్ట మోయడం ఉండదు.

దాలినాయుడు తలవంచుకుని మంచం దగ్గరికి వెళ్లాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననే అనుకున్నాడు. చిలకమ్మ అతన్ని చూసి, లేవబోయి, లేవలేకపోయింది.

"నాయుడుబాబూ, నాను సరిగ్గా కూకోనేదు కావాల. నా మూలాన నీ బండి పాడైపోనాది" అంది.

దాలినాయుడు ఆమె మంచం పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లూ అతను తప్పు చేసి ఇంకొకరి మీద వేశాడు. ఇక్కడ ఏ తప్పూ చేయని మనిషి దాన్ని తనంత తానే నెత్తికెత్తుకుంటోంది. అతనికి ఏడుపు ఆగలేదు.

"నీ తప్పు కాదమ్మా, నాది! వానల్లో ఫోను మాటాడుతూ కల్వర్టుకి గుద్దినాను. ఎవులికీ సెప్పనేదు. సిగ్గేసి సెప్పనేదు. నిన్ను కుడి పక్కకి ఎక్కించినోడిని కూడా నానే" అన్నాడు.

చిలకమ్మ కట్టు కట్టిన తన మోకాలి కేసి చూసుకుంది. తరువాత గోడ వైపు తిరిగి, "ఆ ముసలాయనకి కూడా సెప్పు బాబూ" అంది.

మరుసటి వారం బండిని లాగించుకుని పైడయ్య దుకాణం ముందుకు తెచ్చాడు. సంత రోజు. డ్రైవర్లందరూ అక్కడే ఉన్నారు.

"మావా, దారం పట్టు" అన్నాడు దాలినాయుడు.

పైడయ్య జేబులోంచి దారపు ఉండ తీశాడు. ముందు కుడి పక్క, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం బిగించి పట్టాడు. ఒక్కో చక్రానికి రెండేసి చోట్ల, నాలుగు చోట్లా దారం ఆనింది. తరువాత ఎడమ పక్క పట్టాడు. మూడు చోట్లే ఆనింది. నాలుగో చోట దారానికీ టైరుకూ మధ్య సందు కనిపించింది, అంటే చక్రం వంకరగా ఉంది. దాలినాయుడు ఆ సందులో తన వేలు పెట్టి అందరినీ పిలిచాడు.

"సూడండి. టైరు మంచిదే, అమ్మినోడూ మంచోడే. బండిని గుద్దింది నాను. దాసింది నాను. ఈ పెద్దమనిసి మీద అబద్ధం సెప్పింది కూడా నానే" అని జరిగిందంతా చెప్పి, పైడయ్య కాళ్లు పట్టుకున్నాడు.

పైడయ్య అతన్ని లేపి, బండి కిందికి దూరి చూశాడు. చక్రాన్ని పట్టి నిలబెట్టే ఇనుప కమ్మీ ఒకటి వంగి ఉంది.

"ఇది మార్చడానికి ఎంతసేపు పడతాది మావా?" అని అడిగాడు దాలినాయుడు.

"ఒక్క పూట" అన్నాడు పైడయ్య.

దాలినాయుడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ ఒక్క పూట పని శ్రావణంలోనే అయిపోవలసింది.

పైడయ్య దుకాణం ముందు బల్ల మళ్లీ నిండింది. దాలినాయుడు బండి వెనక మనుషులను ఎక్కించుకోవడం మానేశాడు. వాళ్ల కోసం ప్రతి వారం జీపు మాట్లాడి పెట్టేవాడు. చిలకమ్మను మాత్రం బండి ముందు సీట్లో, ఆ ఎడమ చక్రానికి పక్కనే, తనే ఎత్తి కూర్చోబెట్టేవాడు. ఆమె అల్లం బుట్టను తనే మోసేవాడు. ఇప్పుడు చక్రం తిన్నగానే తిరుగుతోంది. ఆమె కాలు మాత్రం వంగకుండా అతని పక్కనే చాచి ఉంటుంది.

తప్పు చేయనివాడు లోకంలో లేడు. కానీ సిగ్గుపడి తన తప్పును దాచుకున్నవాడు, దాని బరువును ఏ పాపమూ ఎరగనివాళ్ల నెత్తిన పెడతాడు. అందుకే తప్పును తెలిసిన రోజే ఒప్పుకోవాలి.