ఏడు తెల్లవి, మూడు నల్లవి

తీతువు పిట్టకు గొర్రెల మంద అన్యాయం చేసింది. ఫాల్గుణ బహుళ చవితి, మంగళవారం, పట్టపగలు.

వాగుకు ఇవతల గొర్రెలు, అవతల తోడేళ్లు. రెండు పక్షాలకూ పాత ఒప్పందం ఒకటుంది. గొర్రెలు అవతలికొచ్చి మేస్తే తోడేళ్లు ముట్టవు; తోడేళ్లు నీళ్లకొస్తే కాపరి కుక్కలు మొరగవు. ఆ మాట ఇచ్చిన ముసలి తోడేలు పున్నమినాడు చచ్చింది. కొడుకు గద్దెనెక్కాడు. తండ్రి మాట నిలుపుతాడా? ఇవతల గడ్డి మాడిపోయింది. అవతల మోకాలెత్తు పచ్చిక.

మంద పెద్ద పోలమ్మ తీతువు దగ్గరికి పోయింది. అయిదు ఈతల్లో పోలమ్మకు దక్కింది ఒక్క పిల్ల.

తీతువు రెండు ఒడ్లూ తిరిగే పిట్ట. ఏదడిగినా ఇసకలో పది చింతగింజ బద్దలు పేర్చి చెబుతుంది. తెల్లవైపు పైకుంటే మంచి, నల్లవైపు పైకుంటే చెడు.

"ఏడు తెల్లవి, మూడు నల్లవి" అంది.

"అంటే తోడేళ్లు మీదికి రావనేగా?"

"రాకపోవచ్చు అక్కా. ఇలాంటి కొడుకులు పదిమంది గద్దెనెక్కితే ఏడుగురు ఊరుకుంటారు, ముగ్గురు తెగిస్తారు. వీడు ఎందులోవాడో నాకు తెలీదు. పోయి మేయండి. పిల్లల్ని మాత్రం ఇవతలే ఉంచండి."

మందకు ఏడే వినబడింది, మూడు వినబడలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే జాతి. పిల్లల్ని వెంటేసుకునే వాగు దాటింది.

తోడేళ్లు వచ్చాయి. ఒక పిల్ల పోయింది. పోలమ్మ పిల్ల వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

"తెల్లవని చెప్పి చంపించావే!" అని మందంతా తీతువు మీదికి లేచింది.

గేదె అడ్డంపడింది. "ఆగండే! ఏడేళ్లుగా చూస్తున్నా. ఈ పిట్ట మూడు నల్లవి పెట్టింది ఇరవైసార్లు. చెడు జరిగింది ఆరుసార్లు. చెప్పినట్టే జరుగుతోందిగా! ఒక్కరోజు చూసి తూస్తారా?"

"నీ లెక్కలు చచ్చిన పిల్లను లేపుతాయా గేదక్కా?" అంది నక్క, ఎప్పుడొచ్చిందో ఏమో. "అయినా తీతువు కూత అపశకునమని ఎరగనిదెవరు?"

ఆ ఒక్కమాట చాలింది. తీతువు గూడు కట్టదు, ఇసకలోనే పెడుతుంది. నాలుగు గుడ్లు. మందంతా ఒక్కసారి తొక్కుకుంటూ పోయింది. పిట్ట పైన చుట్లు తిరుగుతూ ఏడ్చింది.

"చూశారా, ఇంకా కూస్తోంది దరిద్రం!" అన్నాయి గొర్రెలు.

నక్క పోలమ్మ పక్కన చేరింది. "మరదలా, ఆ నసుగుడు నా దగ్గరుండదు. కొడుకు తోడేలు తప్పయిందని నాతో కబురంపాడు. ఇక రారు. పదికి పది!"

"నిజంగా పదికి పదేనా బావా?"

"తొమ్మిదన్నానంటే చెవి కోసిస్తా!"

"మరి తప్పితే?" అని గేదె అడిగింది.

"చూడు, మంచి చెబుతుంటే దీని ఏడుపు!" అని పోలమ్మ కసిరింది. పిల్లను కోల్పోబోయిన తల్లికి కావలసింది ధైర్యం. నక్క అమ్మింది అదే.

మూడుసార్లు మంద అవతల మేసి క్షేమంగా తిరిగొచ్చింది. నక్క నోట దేవుడున్నాడన్నారు. నాలుగోసారి నక్క, "లోయలో ఇంకా లేతగడ్డి ఉంది, పిల్లలకు మంచిది" అంది. పోలమ్మ తన పిల్లను ముందు నడిపించుకుంటూ దిగింది. లోయకు రెండు కొసలా తోడేళ్లు నిలబడ్డాయి. పదికి పది ఎందుకన్నదో అప్పుడు తెలిసింది. నక్క కూడా వాటి పంక్తిలోనే కూర్చుంది.

పోలమ్మ పిల్ల లేకుండా వాగు దాటి వచ్చి, ఇసకలో నిలబడి అరిచింది. "పిట్టమ్మా! ఈసారి ఎన్ని నల్లవి పెట్టేదానివే? ఒక్కటైనా పెట్టేదానివి కదూ? ఒక్కటున్నా నా పిల్లను ఇవతలే ఉంచేదాన్నే!"

గేదె దగ్గరికొచ్చి నిలబడింది. "లేదు చెల్లీ. గుడ్లు పోయిన సాయంత్రమే ఎగిరిపోయింది. ఏ వాగుకో తెలీదు."

తెలియనిదాన్ని తెలియదన్న నోటిని తరిమేస్తే, అన్నీ తెలుసన్న నోటికి పిల్లల్ని అప్పగించాల్సి వస్తుంది.

చైత్ర బహుళ ఏకాదశి, బుధవారం. పోయిన పిల్లలు పందొమ్మిది, పోలమ్మదాన్ని కలుపుకుని.