దళవాయిగారి ఎర్ర తలపాగా

వెనకటికి ఒక రాజ్యంలో భైరవ నాయకుడనే దళవాయి, అంటే సేనాపతి, ఉండేవాడు. రహదారి తన అబ్బసొత్తయినట్టు గుర్రబ్బండి తోలేవాడు. ఒక మిట్టమధ్యాహ్నం ఆ బండి, ముందు తాపీగా పోతున్న మేదర గవరయ్య ఎడ్లబండిని వెనకనుంచి గుద్దింది. ఎడ్లబండి నిండా వెదురుబొంగులు. వెనక్కి పొడుచుకొచ్చిన ఒక బొంగు దళవాయి ఎర్ర తలపాగాను గుచ్చి లాగేసుకుంది.

సాక్ష్యంగా ఉండాలని దళవాయి తలపాగాను బొంగుకే వదిలేసి, గవరయ్యను బండితో సహా రాజుగారి కోటముందుకు ఈడ్చుకొచ్చాడు.

"ప్రభూ, బొంగులు బయటికొస్తే చివర ఎర్రగుడ్డ కట్టాలని మన శాసనం. వీడు కట్టలేదు. వీడి ఎడ్లను జప్తు చేయించండి!"

ఎడ్లు పోతే గవరయ్య ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా నింపాదిగానే అన్నాడు: "కట్టిన గుడ్డ దారిలో ఊడిపోయింది మారాజా, తప్పే. కానీ రెండెడ్లు, ఇంత బండి, నలభై బొంగులు కనబడని దొరగారికి జానెడు గుడ్డ కనబడేదంటారా?"

రాజు నవ్వాపుకోలేకపోయాడు. "ఎడ్లను వదిలెయ్యండి. ఇకమీదట మాత్రం ఎర్రగుడ్డ లేకుండా నీ బండి అడుగు కదిలితే ఊరుకోను."

గవరయ్య దణ్ణం పెట్టి బండెక్కాడు.

"ఒరేయ్, నా తలపాగా!" అని దళవాయి అరిచాడు.

"ఎలా తీసేది దొరా? ఎర్రగుడ్డ లేకుండా కదలొద్దని ఇప్పుడేగా ఆజ్ఞ అయింది! సంతదాకా వెనకాలే రండి, బొంగులు దించగానే ఇస్తాను. కాస్త ఎడంగా తోలండి, మళ్ళీ గుద్దుకుంటారు!"