మీసానికి రోజూ, ఇరుసుకు దసరాకి

రాజుగారి పందెపు రథానికి సారథి సింగయ్య. పందెం ముగిసేసరికి ఇరుసు పొగలు కక్కేది, దానికి పెట్టిన ఆముదపు కందెన మసిలా నల్లబడేది. ప్రతి పందేనికీ కొత్తది పెట్టాలని అతను ఎంత మొత్తుకున్నా, ఉగ్రాణాధికారి వల్లభయ్య ఆముదం ఇచ్చేవాడు కాదు. "ఎడ్లబండ్లన్నిటికీ దసరాకే కదరా మార్చేది! దీనికేమైనా కొమ్ములున్నాయా?"

రేపు పందెం. రాజుగారే రథమెక్కుతారు. సింగయ్య నిండు సభలో, రాజుగారి ఎదుటే, చేతులు కట్టుకుని వల్లభయ్యను అడిగాడు.

"అయ్యా, తమరి మీసానికి ఆముదం ఎన్నాళ్లకోసారి?"

"రోజూ పొద్దున్నే!" అన్నాడు వల్లభయ్య, మీసం మెలి తిప్పుతూ.

"కదలని మీసానికి రోజూ, గిర్రున తిరిగే ఇరుసుకు దసరాకా అయ్యా?"

వల్లభయ్యకు ఒళ్లు మండింది. "మీసం నాదిరా! రథం రాజుగారిది!"



"అయితే రేపు రథం నువ్వే ఎక్కు వల్లభయ్యా," అన్నారు రాజుగారు.

మధ్యాహ్నానికల్లా వల్లభయ్యే ఆముదం కుండ మోసుకుని రథశాలకు పరుగెత్తాడు. మీసానికి చుక్క కూడా మిగుల్చుకోలేదు.