ఎదుటివైపు తెర

పీరయ్య సారును ఏదైనా అడిగినవాడు జవాబు కోసం చెప్పులు తొడుక్కోక తప్పేది కాదు. ప్రభుత్వ సర్వేయరుగా ఉద్యోగ విరమణ చేశాక ఆయన ఎమ్మిగనూరులో తన ఇంటి వసారాలోనే కొందరు యువకులకు భూమి కొలవడం నేర్పుతుండేవారు. పుస్తకంలో ఉన్న సంగతి అడిగితే పుస్తకం తీసి చూపేవారు. పుస్తకంలో లేనిది అడిగితే, "రేపు పొద్దున నాతో రా" అని ఊరుకునేవారు.

ఆయన శిష్యుల్లో చురుకైనవాడు మద్దిలేటి. డిప్లొమా చదివి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఉపగ్రహాల సంకేతాలతో హద్దు పట్టే రోవర్ అతని చేతిలో అలవోకగా ఆడేది. అతని బాధల్లా లాప్‌టాప్‌కు ఉన్నది ఒక్కటే తెర కావడం. పాత పటాన్ని, తాను కొలిచిన కొత్త గీతను పక్కపక్కన పెట్టుకుని చూద్దామంటే చోటు చాలదు. ఒకటి మూసి ఇంకొకటి తెరిచేలోపు మొదట చూసింది మనసులోంచి జారిపోయేది. అందుకని సంచిలో పెట్టుకు తిరగగల రెండో తెర ఒకటి కొనాలనుకున్నాడు. వారాల తరబడి వీడియోలు చూసి, కనపడినవాణ్ణల్లా అడిగి, చివరికి రెండు తెరల దగ్గర ఆగిపోయాడు. పెద్దదాని రంగులు చూస్తే కళ్లు తిప్పుకోబుద్ధి కాదు, కానీ బరువు, పైగా కరెంటు వేరే ఇవ్వాలి. చిన్నదానికి లాప్‌టాప్ నుంచి ఒక్క కేబులు చాలు, బొమ్మా కరెంటూ రెండూ దాంట్లోంచే వెళ్తాయి. దాని కవరును వెనక్కి మడిస్తే అదే స్టాండవుతుంది. అయితే మొహం మాత్రం బడిపిల్లల పలకలా మెరుపు లేకుండా ఉంటుంది.

"ఏది కొనమంటారు సారూ?" అని అడిగాడు.

"రెండూ ఒక్క దినానికి దొరుకుతాయా?"

"మా బావమరిది అంగడిలో ఉన్నాయి. అడిగితే ఇస్తాడు."

"తీసుకురా. రేపు రాళ్లవంక పోవాల."

రాళ్లవంకలో సుంకులమ్మ, ఈరన్న అక్కాతమ్ముళ్లు. పోతూ పోతూ తండ్రి ఒకే చేనును ఇద్దరికీ చెరిసగం రాసిపోయాడు. అక్క మెట్టినిల్లు కూడా ఆ ఊళ్లోనే కావడంతో చాలాకాలం రెండు కాపురాలూ ఒకే బోరు కింద కలిసి సేద్యం చేసుకున్నాయి. ఒక వానాకాలం వంక పొంగి గట్టునూ హద్దురాళ్లనూ ఊడ్చుకుపోయింది. అప్పటి నుంచి బోరు ఎవరి వైపు పడుతుందన్నది తగువైంది. సర్వేయర్లు వచ్చి కొలిచిపోయారు. కొలత ఎవరికి నచ్చకపోతే వాళ్లు, సర్వేయరు అవతలివాళ్ల మనిషి అన్నారు. ఈ ఏడు సుంకులమ్మ మోటారు స్టార్టరు డబ్బాకు తాళం వేసేసింది. ఈరన్న వేసిన ఉల్లి నీళ్లు లేక కొనలు ఎండి, చేనంతా పండుబారుతోంది. అక్క ఇంటి ముందు నుంచి నడవడం కూడా మానుకున్నాడతను.

మద్దిలేటి పొద్దున్నే రోవర్‌తో పొలమంతా తిరిగి కొలతలు పూర్తి చేసుకున్నాడు. మోటారు పాక ముందు ఉల్లి సంచులు పరిచి, వాటిమీద లాప్‌టాప్ పెట్టి, ముందుగా పెద్ద తెర తగిలించాడు. కరెంటుకు తెచ్చుకున్న పవర్ బ్యాంకు దాన్ని వెలిగించిందే గాని, ఆ ఎండలో తెరమీద అతనికి కనిపించింది పటం కాదు, చెమటలు కారుతున్న తన మొహం. దాన్ని సంచిలో పెట్టేసి చిన్నది తీశాడు. మెరుపు లేని ఆ తెర ఎండకు లొంగలేదు. లాప్‌టాప్ పక్కనే నిలబెట్టి, ఒకదాంట్లో పాత పటం, ఇంకొకదాంట్లో కొత్త గీత పెట్టుకున్నాడు. గీతకు గీత, మూలకు మూల ఎంత చక్కగా సరిపోయాయో చూసి అతని ప్రాణం లేచివచ్చింది. ఇక అడగాల్సింది ఏముంది, జవాబు దొరికిపోయింది అనుకున్నాడు. పీరయ్య సారు కాస్త దూరంగా గట్టుమీద కూర్చుని వంక వైపు చూస్తున్నారు.

మద్దిలేటి తల ఎత్తి, "తేలిపోయిందన్నా. బోరు అక్క వైపే పడింది, మూరెడు లోపలికి" అన్నాడు.

ఈరన్న కదల్లేదు. "నువ్వు ఆడ ఏం చూసినావో నాకేం తెలుసు?"

"వచ్చి చూడన్నా."

ఈరన్న వచ్చి అతని భుజంమీదుగా వంగాడు. అవతల నిలబడ్డ సుంకులమ్మకు అది నచ్చలేదు. "వాని చెవిలో ఏం చెప్తాండావు నాయనా?" అంటూ తనూ వచ్చి ఇంకో భుజంమీదికి వంగింది. మద్దిలేటి ఒక తెర చూపిస్తే ఆమె ఇంకో తెర చూస్తోంది. ఆమెకు రెండోది చూపించబోతే ఈరన్న, "ముందుదాంట్లో గీత అట్ల లేదు గదా, ఇప్పుడు మార్చినావా?" అన్నాడు. మాట పెరిగింది. ఎవరి మోచేయి తగిలిందో గాని కేబులు లాగుకుని చిన్న తెర బోర్లా మట్టిలో పడింది. ఈరన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అందరూ ఒకటే. వీడూ వాళ్లలో వాడే" అంటూ దారి పట్టాడు.

మద్దిలేటికి పాలుపోలేదు. తన కొలతలో వెంట్రుకవాసి తప్పు లేదు. అయినా ఉల్లి ఎండక మానదు, ఈ తోబుట్టువులు కలవరు. తప్పు ఎక్కడ జరిగిందో తెలిస్తే కదా దిద్దుకోవడానికి!

అప్పుడు పీరయ్య సారు లేచి వచ్చారు. తెర ఎత్తి, తన పంచె కొంగుతో మట్టి తుడిచారు. నల్లరేగడి మెత్తగా ఉండడాన దానికేమీ కాలేదు. "ఈరన్నా, ఇంకొక్క నిమిషం నా కోసం కూర్చో" అన్నారు. ఆయన వయసు చూసి అతను ఆగాడు. సారు ఆ తెరను లాప్‌టాప్ పక్కన కాక, లాప్‌టాప్ వీపుకు వీపు ఆనించి, మొహం అవతలికి తిప్పి నిలబెట్టారు. దాని ముందు ఒక సంచి పరిచి అక్కాతమ్ముళ్లను కూర్చోమన్నారు. తెర చిన్నది. ఇద్దరికీ కనపడాలంటే దగ్గరగా జరగక తప్పలేదు.

"నీ దాంట్లో ఏముందో అదే ఈ దాంట్లోనూ రావాల" అన్నారు శిష్యుడితో.

"అట్లయితే నాకు మళ్లీ ఒక్క తెరే మిగుల్తుంది సారూ."

"చాల్లే. మొదటి నుంచి చెయ్."

మద్దిలేటి మనసు చివుక్కుమంది. అయినా మొదలుపెట్టాడు. పాత పటాన్ని, కొత్త గీతను పక్కపక్కన పెట్టే వీల్లేదు కాబట్టి ఒకదానిమీద ఒకటి పరిచాడు. బాణం గుర్తును ఒక్కో మూలకు తీసుకుపోయి, ఇది వంక ఒడ్డు, ఇది దారి మలుపు, ఇది మీ నాయన కళ్లం అని పైకి చెప్పుకుంటూ వచ్చాడు. చెబుతూ తల ఎత్తేసరికి తెరమీదుగా ఆ ఇద్దరి మొహాలూ ఎదురుగా కనిపించాయి. పొద్దుటి నుంచి అతను వాళ్ల మొహాలు సరిగా చూసిందే లేదు. దారి మలుపు దగ్గర ఈరన్న కనుబొమలు ముడిపడ్డాయి. మద్దిలేటి ఆగి, వెనక్కి వెళ్లి, ఆ మూల మళ్లీ చూపించాడు. ముడి విడింది. కళ్లం దగ్గరికి వచ్చినప్పుడు సుంకులమ్మ, "ఆడనే గదరా నువ్వు గడ్డివామిమీది నుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటివి" అంది. తమ్ముడు, అక్కకు తెర బాగా కనపడాలని కాస్త పక్కకు ఒరిగాడు.

గీత బోరు దగ్గరికి చేరింది. ఇందాక పడిన చోటే పడింది. బోరు మూరెడు లోపలికి, అక్క వైపే.

ఈరన్న వంగి, తెరమీద బోరును చూపే చుక్కమీద వేలు పెట్టాడు. "మొదటి కాడి నుంచి ఇంకోసారి చూపించు" అన్నాడు. మద్దిలేటి విసుక్కోకుండా చూపించాడు. అదంతా అయ్యాక ఈరన్న మోకాళ్లమీద చేతులు ఊని లేచాడు.

"ఇంతకుముందు వచ్చినోళ్లందరూ చెప్పిపోయినారు. ఎవురూ చూపించలా" అన్నాడు. "సరే. నాకు కనపడింది. బోరు మా అక్కదే."

సుంకులమ్మ కొంగుకు కట్టుకున్న తాళంచెవి విప్పింది. పాకలోకి వెళ్లి స్టార్టరు డబ్బా తెరిచి మోటారు వేసింది. నీళ్లు కాలువలోకి దూకాయి. ఆమె పార తీసుకుని తన చేలోకి పోయే మడవ మూసి, తమ్ముడి ఉల్లి వైపు గండి తీసింది.

"ఏంది అక్కా ఇది?" అన్నాడు ఈరన్న.

"గట్టు తేలింది గదా! నీళ్లు తేల్చుకోడానికి కూడా సర్వేయరు రావాల్నా?"

తిరుగు దారిలో మద్దిలేటి బండి నెమ్మదిగా నడిపాడు. గురువు వెనక కూర్చుని పొలాలు చూస్తున్నారు. ఒకే కొలత, ఒకే గీత, ఒకే మాట. పొద్దున తిట్టించిన అదే గీత మధ్యాహ్నానికి నీళ్లు పారించింది. ఆ ఆలోచన అతన్ని ఊరి పొలిమేర దాకా వదల్లేదు. ఎమ్మిగనూరు కనపడగానే ఇక ఉండబట్టలేక అడిగాడు.

"చిన్నదే తీసుకుంటాను సారూ. కానీ ఆ రకంలోనే ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఏది మంచిదో ఎట్లా తెలుసుకోవాల?"

పీరయ్య సారు ఇంటి ముందు బండి దిగి, పంచె సర్దుకుని అన్నారు:

"అంగట్లో పెట్టి చూపిస్తారు గదా. నువ్వు లాప్‌టాప్ వైపు కూచోవాకు, ఎదుటివైపు కూచో."